కోల్‌కతాలో మా ఊళ్లు వెతుక్కున్న వారం

కోల్‌కతా వెళ్దామని ఎన్నేళ్లుగానో అనుకుంటూనే ఉన్నాం, ప్రతిసారీ ఎవరో ఒకరికి పిల్లల పరీక్షలో అత్తగారి ఆపరేషనో అడ్డం పడేది. ఈ జనవరిలో మాత్రం కడప గట్టిగా పట్టుబట్టింది. కడప అంటే ఇక్కడ ఊరు కాదు, మా స్నేహితురాలు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే పేరున్నవాళ్లు ఎక్కువై ఒకరినొకరు ఊరి పేరుతో పిలుచుకోవడం మొదలుపెట్టాం, ఆ పిలుపులే ఇప్పటికీ ఉండిపోయాయి. కడప చరిత్ర లెక్చరర్. కైకలూరు వాళ్ల నాన్నగారు పోయిన దగ్గర్నుంచి చేపల చెరువులు తనే చూసుకుంటోంది. సామర్లకోట కాకినాడలో నర్సు. నేను ఏలూరు, బ్యాంకు ఉద్యోగం.

కడప పెట్టిన షరతు ఒక్కటే. "మీ ఒక్కొక్కరి ఊరికీ కలకత్తాలో ఒక బంధం ఉంది మే. అది నేను చూపిస్తా, మిగతా టైము మీ ఇష్టం" అంది. కాళీమాత దర్శనం, విక్టోరియా మెమోరియల్ ముందు ఫొటో, రసగుల్లా డబ్బా, ఈ మూడూ పూర్తి చేసుకుని రెండో రోజే రైలెక్కేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మన చరిత్రలో ఇంత పెద్ద ముక్క ఆ ఊళ్లో ఉందని తెలిస్తే అలా వచ్చేయరని నా గట్టి నమ్మకం, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

శనివారం

ముందురోజు, శుక్రవారమే, సికింద్రాబాద్ నుంచి హౌరా వెళ్లే రైల్లో కడప బెజవాడలో, నేనూ కైకలూరూ ఏలూరులో, సామర్లకోట తన ఊళ్లోనే ఎక్కాం. ఒరిస్సా అంతా మాటల్లోనే గడిచిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో బండి ఆగగానే ప్లాట్‌ఫారం మీద ఎవరో "ఒరేయ్, ఇటు రారా" అని కేకేయడం వినిపించింది. ఉలిక్కిపడి కిటికీలోంచి చూశాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టినప్పుడు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడిపోయాయట. మూడు నాలుగు తరాలు గడిచినా ఇళ్లలో తెలుగే. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇస్తూ నిర్ణయం తీసుకుంది కూడా వీళ్ల వల్లే. టీ అమ్మే పెద్దాయన మా మాటలు విని "ఏ ఊరమ్మా?" అని అడిగి, సామర్లకోట అనగానే "మా ఆవిడది తుని" అని, బండి కదులుతుంటే పక్కన నడుస్తూనే చిల్లర ఇచ్చాడు.

హౌరాలో దిగాక టాక్సీల వాళ్లు చుట్టుముట్టారు గానీ మేం నేరుగా మెట్రోలోకి దిగాం. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984లో ఈ నగరంలోనే మొదలైంది, నది కిందుగా పోయే లైను మాత్రం 2024 మార్చిలో వచ్చింది. ఎస్కలేటర్లు దిగుతూనే ఉంటాం, భూమి లోపలికి ఇంకా ఎంత దూరం అనిపిస్తుంది. హుగ్లీ కింద సొరంగం 520 మీటర్లు, దాటడానికి ముప్పావు నిమిషం. ఆ కాసేపూ సొరంగం గోడల మీద నీలం దీపాలు వెలుగుతాయి. రోజూ తిరిగేవాళ్లు కూడా అప్పుడు ఫోన్లోంచి తలెత్తి చూస్తున్నారు. ఎస్ప్లనేడ్‌లో మారి, చాందినీ చౌక్‌లో దిగి లాడ్జికి చేరాం. గది ఫొటోలో చూసినంత పెద్దది కాదు, వేడి నీళ్లు బకెట్లో తెచ్చి ఇచ్చారు. అయినా నాలుగు మంచాలూ ఒకే గదిలో, హాస్టల్లో లాగే. ఇంకేం కావాలి.

ఆదివారం

తెల్లారకముందే మల్లిక్ ఘాట్ పూల మార్కెట్‌కి వెళ్లాం. హౌరా వంతెన సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. 1943లో తెరిచిన ఈ వంతెనకి 26,500 టన్నుల ఉక్కు పట్టింది, ఎక్కడా నట్టూ బోల్టూ లేకుండా మొత్తం రివెట్లతో బిగించారు, నది మధ్యలో ఒక్క స్తంభం లేదు. దాని నీడలో, బురదలో, బంతిపూల దండలు లావుపాటి మోకుల్లా చుట్టలు చుట్టి తలమీదా భుజాల మీదా వేసుకుని మనుషులు పరుగులు పెడుతుంటారు. తప్పుకోకపోతే తోసుకుని పోతారు, వాళ్ల కోపంలో తప్పేం లేదు, ఎండ ఎక్కేలోపు అమ్ముడవకపోతే పువ్వు విలువ సగమైపోతుంది. ఒక ముసలామె గోనెపట్టా మీద కూర్చుని కాళికి వేసే మందార మొగ్గల దండలు గుచ్చుతోంది. పువ్వు విచ్చకూడదు, తొడిమ విరగకూడదు, అన్ని మొగ్గలూ ఒకే వైపు చూడాలి. ఆ వేళ్లు ఎంత చకచకా పోతున్నాయంటే సామర్లకోట, రోజూ సూదులతో పనిచేసే మనిషి, అక్కడే గొంతుకూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అక్కణ్ణుంచి హౌరా ఘాట్‌కి నడిచి ఫెర్రీ ఎక్కి ఉత్తరంగా వెళ్లాం. కోల్‌కతాలో డబ్బుకి తగ్గ సుఖం ఏదైనా ఉందంటే అది ఫెర్రీ. కొద్ది రూపాయలకే నది గాలి, స్నానఘట్టాలు, పాత గోదాములు, మెట్ల మీద ఒళ్లు రుద్దించుకునే పహిల్వాన్లు, అన్నీ చూడొచ్చు.

కుమార్‌టులీ అంటే విగ్రహాలు చేసే కుమ్మరుల వాడ. దసరాకి దుర్గ విగ్రహాలు ఇక్కణ్ణుంచే వెళ్తాయి. మేం వెళ్లేసరికి వసంత పంచమి దగ్గర పడుతోంది కాబట్టి ఎటు చూసినా సరస్వతులే. ముందు వెదురు బద్దలు పాతి, వాటికి గడ్డిని జనపనార తాడుతో బిగించి ఒళ్లు కడతారు, అంతవరకూ అది దేవతలా ఉండదు, పొలంలో దిష్టిబొమ్మలా ఉంటుంది. తర్వాత ఊక కలిపిన మట్టి మొదటి పూత. అది ఎండి బీటలు వారాక, ఆ బీటల మీద పల్చటి మట్టిలో ముంచిన గుడ్డ పీలికలు అతికి మళ్లీ నున్నటి మట్టి పూస్తారు. తల అచ్చులో పోసి వేరుగా పెడతారు, వేళ్లు ఒక్కొక్కటీ విడిగా చేసి చివర్న అరచేతికి అతుకుతారు. ఒక కుర్రాడు వీణ పట్టుకునే చెయ్యి చేస్తున్నాడు. చూపుడు వేలు కాస్త వంచి, తడి బ్రష్షుతో కణుపు దగ్గర గీత దిద్ది, తన వేలిని పక్కన పెట్టి పోల్చి చూసుకుని, నచ్చక మళ్లీ పీకేశాడు. తెల్ల పూతకి సుద్దలో ఏం కలుపుతారని అడిగితే చింతగింజల జిగురు అన్నాడు. మన కొండపల్లి బొమ్మల మక్కులోనూ చింతగింజే కదా! ఆ మాట వచ్చీరాని హిందీలో చెబితే ఫోన్లో ఆ బొమ్మలు చూపించమని అడిగి, ఏనుగు అంబారీ బొమ్మని పెద్దది చేసుకుని చూశాడు.

మధ్యాహ్నం కచోరీలూ ఆలూ కూరా తిని వచ్చి పడుకున్నాం. సాయంత్రం దక్షిణేశ్వరం. రాణి రాష్‌మణి 1855లో కట్టించిన గుడి. ఆదివారం కావడంతో లైను చాలా పెద్దదిగా ఉంది, నది వైపు మెట్ల మీద కూర్చుని దణ్ణం పెట్టుకుని వచ్చేశాం.

సోమవారం

ఇది కైకలూరు రోజు. మ్యూజియాలకి సెలవు కాబట్టి కడప కావాలనే ఈ రోజు పెట్టింది. తెల్లవారుజామున పసుపు అంబాసిడర్ టాక్సీలో వంతెన దాటాం. ఈ కార్లు తయారుచేసిన ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది, ఉన్నవి కూడా పదిహేనేళ్ల నిబంధన వల్ల ఒక్కొక్కటే రోడ్డు దిగిపోతున్నాయి, కాబట్టి ఎక్కాలనుకునేవాళ్లు తొందరపడండి.

హౌరా స్టేషన్ పక్కనే హోల్‌సేల్ చేపల మార్కెట్. కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు మీద లారీల్లో వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి ఇక్కడికి వస్తాయి. మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే, కానీ అవి దిగే చోటు మాలో ఎవరూ చూడలేదు. నాన్నగారు ఉన్న రోజుల్లో కైకలూరు వాళ్లింట్లో రాత్రి భోజనాలయ్యాక ఆయన ఫోన్ పట్టుకుని అడిగే మొదటి మాట "హౌరా రేటెంత?" అని. వాళ్లకి హౌరా అంటే ఊరు కాదు, ఆ రోజు ఇంట్లో వాతావరణం.

లోపల చలి, ఐసు నీళ్లు, వందల కేజీల చేప, వేలం కేకలు. ఏపీ నంబరు ప్లేటున్న లారీ చూడగానే కైకలూరు నడక మారిపోయింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నేరుగా ఒక షెడ్డులోకి వెళ్లి, పెట్టెలోంచి చేపనొకదాన్ని తీసి మొప్ప ఎత్తి ఎరుపు చూసింది. వ్యాపారి ముందు కసురుకున్నాడు. తను "కైకలూరు" అంది. అంతే, ఆయన ముఖం విచ్చుకుంది. "ఎంత? బాగుందా?" అని వచ్చిన రెండు ముక్కల తెలుగూ వాడేసి, మిగతాది హిందీలో మొదలుపెట్టాడు. కైకలూరు ఐసు పొర ఎంత మందం వేస్తే ఇక్కడికి మంచిగా చేరుతోందో, ఏ సైజుకి ఇక్కడ గిరాకీ ఎక్కువో, పెళ్లిళ్ల సీజన్‌లో రేటు ఎప్పుడు లేస్తుందో అడిగింది. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఇక్కడి ఆడవాళ్లు ఊరి చెరువు చేపకీ ఆంధ్రా చేపకీ రుచిలో తేడా ఉందంటారని కూడా చెప్పాడు. "ఉంటుంది కదండీ, వాళ్లది బతికుండగా కోస్తారు, మాది ఐసులో రెండు రోజులు వస్తుంది" అని తను ఒప్పుకుంది. కానీ ఆంధ్రా లారీలు రాకపోతే మామూలు ఇళ్లలో చేప వండుకోవడం కష్టమని చివర్న ఆయనే అన్నాడు, మట్టి కప్పుల్లో టీ తెప్పించాడు.

బయట ఒకామె నేలమీద కూర్చుని పెద్ద బొచ్చెని కోస్తోంది. పీట మీద కాలు వేసి, నిలువు కత్తికి చేపని అదిమి తోస్తుంది. అచ్చం మన కత్తిపీట. ముక్క తిరిగే తీరు కూడా మా నాయనమ్మ చేతిలో తిరిగినట్టే ఉంది.

టాక్సీ ఎక్కాక కైకలూరు కాసేపు ఏడ్చింది. "నాన్న ఒక్కసారైనా వచ్చి చూడాల్సింది" అంది. మేం ఎవరం ఏం అనలేదు. సామర్లకోట తన భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది, లాడ్జి వచ్చేదాకా.

సాయంత్రం కాలేజ్ స్ట్రీట్. ఫుట్‌పాత్‌కి రెండు వైపులా కట్టెల కొట్లు, కొట్లలో కప్పుదాకా పుస్తకాలు. ఎంత అడిగినా విసుక్కోరు, లేదంటే పక్క కొట్టువాణ్ణి కేకేస్తారు. కాఫీ హౌస్‌లో ఎత్తైన కప్పు కింద పాత ఫ్యాన్లు, తలపాగా పెట్టుకున్న సర్వర్లు. ఈ హోటల్‌ని నడిపేది పనివాళ్ల సహకార సంఘమే. పాలు లేని కాఫీని ఇన్‌ఫ్యూజన్ అంటారు, మాకైతే నచ్చలేదు, ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుక ఒప్పుకోదు. కానీ ఒక్క కప్పు తీసుకుని గంటలు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లు లేరు, మేమూ లేవలేదు.

మంగళవారం

సామర్లకోట రోజు. శిబ్‌పూర్‌లో బొటానికల్ గార్డెన్, నదికి పడమటి ఒడ్డున 270 ఎకరాల పైన తోట, 1787లో పెట్టింది. అందరూ చూసేది పెద్ద మర్రిచెట్టు. తెగులు పట్టి 1925లో అసలు మానునే కోసి తీసేశారు, ఊడల మీదే బతుకుతోంది, ఇప్పుడు దాదాపు 4.67 ఎకరాలు పరుచుకుంది. మధ్యలో ఉండాల్సిన మాను లేకుండా అడవంత చెట్టు నిలబడటం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చుట్టూ వేసిన రోడ్డుని కూడా దాటి పెరుగుతోంది. కడప మాత్రం "మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దీనికంటే పెద్దది, గిన్నిస్ వాళ్లు 1989లోనే రాసుకున్యారు" అని అక్కడి గార్డుకి కూడా చెప్పింది.

అసలు విషయం చెట్టు కాదు, విలియం రాక్స్‌బర్గ్. ఈ తోటకి 1793 నుంచి ఇరవై ఏళ్లు అధికారిగా ఉన్న స్కాట్లాండ్ డాక్టరు, భారతీయ వృక్షశాస్త్రానికి తండ్రి అని చెప్పుకుంటారు ఈయన్ని. ఇక్కడికి రాకముందు 1781 నుంచి ఆయన ఉన్నది సామర్లకోటలో! అక్కడే మిరియం, కాఫీ, దాల్చినచెక్క మొక్కలు పెంచి చూశాడు, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు, చెట్ల తెలుగు పేర్లు మనవాళ్లని అడిగి రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన పెద్ద గ్రంథానికి పునాది గోదావరి జిల్లా మట్టిలో పడిందన్న మాట. సామర్లకోట ఇదంతా విని "మా ఊరంటే రైల్వే జంక్షనూ భీమేశ్వరస్వామి గుడీ అనే చెప్పుకుంటాం. మా స్కూల్లో ఒక్క మాస్టారు కూడా ఈ సంగతి చెప్పలేదే" అని బాధపడింది. నాకూ అదే బాధ. ఊళ్లో ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

బుధవారం

నా రోజు, నాకు అన్నిటికంటే బలంగా గుర్తుండేది.

పొద్దున ఇండియన్ మ్యూజియం. 1814లో పెట్టింది, మన దేశంలో అన్నిటికంటే పాతది. జనం మమ్మీ దగ్గర గుమిగూడతారు. మేం భర్హుత్ స్తూపం రాతి కంచె చూసుకుంటూ అమరావతి రాళ్ల దగ్గరికి వెళ్లాం. లేత ఆకుపచ్చ జీర ఉన్న పలనాటి రాయి, ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. అమరావతి దిబ్బని లోకానికి తెలియజెప్పిన కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడి శిల్పాలు కొన్ని కలకత్తాకి పంపించాడు. కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నైలో, కొన్ని ఇక్కడ. ఒక స్తూపం ఇన్ని ముక్కలై ఇన్ని ఊళ్లలో ఉండటం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కడప మాత్రం అవి కదలకుండా ఉండి ఉంటే సున్నపు బట్టీలో కాలిపోయేవని గుర్తుచేసింది. అదీ నిజమే.

మధ్యాహ్నం సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానం. 1767లో మొదలైంది. పిరమిడ్లలా, చిన్న గుళ్లలా నల్లబడ్డ సమాధులు, మధ్యలో పెద్ద చెట్లు, బయట పార్క్ స్ట్రీట్ హారన్లు లోపలికి దాదాపు వినిపించవు. 1821లో చనిపోయిన మెకంజీని పాతిపెట్టింది ఇక్కడే. భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ ఆయన. ఊరూరా కరణాల దగ్గర రాయించిన కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు, ఆయన సేకరణే. మన పల్లెల చరిత్ర రాయాలంటే ఇప్పటికీ వాటినే తిరగేస్తారు.

ఆ పని ఆయనొక్కడి వల్ల అయ్యేది కాదు, ఆయనకి మన భాషలు రావు. చేసిపెట్టినవాళ్లు కావలి సోదరులు, మా ఏలూరు వాళ్లు! వాళ్లలో కావలి వెంకట బొర్రయ్య ఊళ్లు తిరిగి శాసనాలు చదివాడు, పండితులని ఒప్పించాడు, 1803లో ఇరవై ఏడేళ్ల వయసుకే పోయాడు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి 1829లో అచ్చేయించింది ఈ కలకత్తాలోనే. ఒక సమాధి అరుగు మీద కూర్చుని కడప ఇదంతా చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. మా బ్యాంకుకి వెళ్లే దారిలో ఎన్ని విగ్రహాలు ఉన్నాయో నాకు తెలుసు, వాటిలో బొర్రయ్య లేడు. దొర పేరు సమాధి మీద చెక్కారు, ఈ కుర్రాడి పేరు ఊరివాళ్లకే తెలియదు. "ఏలూరు వెళ్లగానే మా లైబ్రరీలో చెప్తానే" అన్నాను. వెళ్లాక చెప్పాను కూడా, ఆ ముగ్గురి మీద ఒక సాయంత్రం మీటింగు పెట్టడానికి ఒప్పుకున్నారు.

రాత్రి బిర్యానీ. కోల్‌కతా బిర్యానీలో బంగాళాదుంప ఉంటుంది, మసాలా తక్కువ, వాసన ఎక్కువ. 1856లో గద్దె పోయి ఇక్కడికి వచ్చిన లక్నో నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ల నుంచి వచ్చిందని చెబుతారు. హైదరాబాద్ బిర్యానీతో పోల్చకుండా తింటే ఆ దుంప చాలా బాగుంటుంది.

గురువారం

హౌరా నుంచి లోకల్ రైల్లో అరగంట పైచిలుకు వెళ్తే శ్రీరామ్‌పూర్. 1845 దాకా డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉన్న ఊరు, నది ఒడ్డున స్తంభాల కాలేజీ భవనం ఉంటుంది, 1818లో పెట్టినది. క్రైస్తవ మిషనరీ విలియం కేరీ ప్రెస్సు ఉన్నది ఈ ఊళ్లోనే. 1812 మార్చిలో నిప్పంటుకుని అచ్చు అక్షరాలూ రాతప్రతులూ బూడిదైపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశారు. ఎక్కడి హుగ్లీ ఒడ్డు, ఎక్కడి మన గుణింతాలు!

కడప తన రోజుని చివరికి పెట్టుకుంది. సీపీ బ్రౌన్ పుట్టింది 1798 నవంబరు 10న, కలకత్తాలో. తండ్రి డేవిడ్ బ్రౌన్ ఇక్కడ మతాచార్యుడు, 1803లో శ్రీరామ్‌పూర్‌లో ఆల్దీన్ హౌస్ అనే ఇల్లు కొన్నాడు. అంటే మన వేమన పద్యాలని వెతికి అచ్చు వేయించి, 1852లో నిఘంటువు తెచ్చిన మనిషి బాల్యం ఈ నది పక్కన గడిచింది. తండ్రి 1812లో పోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది, ఈయన 1817లో మద్రాసుకీ, 1820లో కడపకీ వచ్చాడు. మా కడప రోజూ పుస్తకాల కోసం వెళ్లేది, కడపలో బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో వెలిసిన లైబ్రరీకే. ఘాట్ మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెట్టి, "ఆయప్ప ఈడ్నే ఆడుకునింటాడు మే" అంది. క్లాసులో గంటలు గంటలు మాట్లాడే మనిషి, ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

శుక్రవారం

జోడాసాంకోలో ఠాగూర్ ఇల్లు. ఆయన పుట్టిన గది, 1941లో కన్నుమూసిన గది, మధ్యలో ఎర్ర ఇటుకల వరండాలు. జనగణమన మొదటిసారి పాడింది 1911 డిసెంబరు 27న ఈ నగరంలోనే అయితే, దాన్ని ఆయన ఇంగ్లీషులోకి రాసింది 1919లో మన మదనపల్లెలో. గదుల్లో చెప్పులు లేకుండా నడవాలి, నేల చల్లగా ఉంటుంది.

ట్రాము కోసం ఎస్ప్లనేడ్‌లో చాలాసేపు నిలబడ్డాం. 1873లో గుర్రాలతో మొదలై 1902లో కరెంటుకి మారిన ట్రాములు ఇప్పుడు ఒకటి రెండు దారుల్లోనే మిగిలాయి, అవీ ఆపేయాలని ప్రభుత్వం అంటోంది, వద్దని జనం కోర్టుకెళ్లారు. గరియాహాట్ వైపు వెళ్లే బండి ఎక్కాం. మెల్లగా, గంట కొట్టుకుంటూ, పక్కన స్కూటర్లు దాటిపోతుంటే. తొందర లేనివాళ్లకి ఇంతకంటే మంచి బండి లేదు, తీసేస్తే పొరపాటే.

సామర్లకోటకి ఆవనూనె పడక కడుపులో తిప్పింది, సాయంత్రం అంతా గదిలోనే ఉండిపోయాం. మజ్జిగన్నం దొరకలేదు, తియ్యటి పెరుగు ముంతలు తెచ్చుకుని అటుకులతో తిన్నాం. దీపం తీసేశాక మొదలైన మాటలు తెల్లవారుజాము దాకా సాగాయి. రాత్రి డ్యూటీలతో తన నిద్ర ఎంత పాడైందో సామర్లకోట మొదటిసారి చెప్పింది. ఉద్యోగం మారమని అందరం గట్టిగా చెప్పాం, మారతానని మాటిచ్చింది. ఈ ఒక్క రాత్రి కోసమైనా ఈ ప్రయాణం చేయాల్సిందే అనిపించింది.

శనివారం

చలికాలంలో మాత్రమే దొరికే కొత్తబెల్లం సందేశ్ కోసం ఉత్తర కోల్‌కతా వెళ్లాం. మన దగ్గర కల్లు గీసే ఈత చెట్టే ఇది. ఇక్కడ చలి రాత్రుల్లో కుండ కట్టి, పొద్దున్నే పులవకముందే ఆ నీరాని కాచి బెల్లం చేస్తారు. విరగ్గొట్టిన పాల ముద్దలో ఆ బెల్లం కలిపి, చెక్క అచ్చుల్లో ఒత్తుతారు. నోట్లో వేసుకుంటే ముందు పొగ వాసన, తర్వాత తీపి. రసగుల్లా డబ్బాలు తగ్గించుకుని ఇది తెచ్చుకోండి, రెండు రోజుల్లో తినేయాలి. పాకం బెల్లం సీసా అయితే ఫ్రిజ్‌లో నెల రోజులు ఉంటుంది. దోసెల్లోకి అద్భుతం.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. డిసెంబరు, జనవరి మంచివి, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. సోమవారం మ్యూజియాలు, ఠాగూర్ ఇల్లు మూసి ఉంటాయి, కాలేజ్ స్ట్రీట్ కొట్లకి ఆదివారం సెలవు. ఫెర్రీకి, ట్రాముకి చిల్లర దగ్గరుంచుకోండి. చేపల మార్కెట్‌కి పాత చెప్పులు వేసుకుని వెళ్లండి, తెల్లవారుజామున అయిదింటికి అక్కడ ఉండాలి. ఇవన్నీ కాకుండా, మీ ఊరి నుంచి ఎవరెవరు అటు వెళ్లారో బయల్దేరే ముందు కనుక్కోండి. నాకు తెలిసి శ్రీకాకుళం వాళ్లకీ మదనపల్లె వాళ్లకీ అక్కడ చూసుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.